చెత్తదిబ్బ క్రింది నల్లనీరు

చెత్తను బండివారికి అప్పగించుటతో మన పని తీరినదని తలంచుచున్నాము. అది చేరుచోటు ఎట్లుండునో చూచినవారు అరుదు. ఓరుగల్లు నగరపు చెత్త ఏండ్ల తరబడి మడికొండ చెంతనున్న రాంపూరునకు చేరుచు వచ్చినది. అచటి జనులు కంపును గూర్చియు, పొగను గూర్చియు పలుమారులు మొఱపెట్టుకొనిరి. కంపు ముక్కునకు తెలియును, పొగ కంటికి తెలియును. అంతకంటె భయపడవలసినది దిబ్బయడుగున ఊరు నల్లనీరు.

దీనిని లీచేట్ అందురు. తరిగిన దోసకాయ ముక్కలను మూతపెట్టి రెండు దినములు మఱచినచో గిన్నెయడుగున పులిసిన నీరు దిగును గదా! దిబ్బలో జరుగునదియు నదియే. పైపెచ్చు వాననీరు తోడగును. కళాయి పోయిన యిత్తడిగిన్నెలో చారు కాచరాదని మన అత్తలు చెప్పుటకు కారణము, పులుపు లోహమును కరగించుటయే. కుళ్లిన కూరల పులుపును అట్లే బ్యాటరీలలోని, రంగుడబ్బాలలోని విషములను కలుపుకొని నేలలోని కింకును. పిమ్మట బావులకు చేరును.

క్రొత్త దిబ్బ క్రింద 90 సెంటీమీటర్ల బంకమట్టియు, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొరయు పఱచి, ఊటను గొట్టములతో పట్టవలెనని 2016 నాటి నియమములు విధించినవి. పాత దిబ్బలకు ఆ పఱుపేది? హైదరాబాదున జవహర్‌నగర్ దిబ్బనీటిచే చెంతనున్న మల్కారం చెరువు చెడినది. తుదకు 2023లో దినమునకు 20 లక్షల లీటర్లు శుద్ధిచేయు యంత్రాగారమును అచట నెలకొల్పిరి. సన్నని పొరల గుండ వడగట్టినను చిక్కని మడ్డి మిగులును; దాని నెచట నుంచుట యనునది వేఱొక చిక్కు.

కావున తడిచెత్త దిబ్బకు పోకుండుటయే మేలని మా యభిప్రాయము. ఇది ఓరుగల్లువారికి క్రొత్త కాదు. 2012 అక్టోబరులో ఈ నగరమున జరిగిన స్వచ్ఛనగర పోటీకి ఇతర పట్టణముల పురపాలకోద్యోగులు వచ్చి, ఇల్లిల్లు తిరిగి, తడిపొడులను వేఱుచేయుటను గృహిణులకు తెలిపిరి.

అడుగున చిల్లులున్న పాతకుండలో కూరతొక్కులు, వాడిన పూలు వేసి, పొరపొరకు ఎండుటాకులు చల్లినచో రెండు మూడు నెలలలో మొక్కల కెరువగును. నీరు కాఱినచో ఆకులు చాలలేదని యర్థము. బ్యాటరీలను, పగిలిన ధర్మామీటరును, కాలము తీరిన మందులను వేఱు డబ్బాలో నుంచి, చెప్పి యీయవలెను. బండివారు అన్నిటిని ఒకే తొట్టిలో కలిపినచో అడుగుడు. కూరగాయల బేరమునకు లేని మొగమాట మిచట నేల?