కారు ఎయిర్ ఫిల్టర్ మార్చాలా, ఇన్‌టేక్ కిట్ వేయించాలా? డబ్బు పెట్టే ముందు ఈ లెక్క చూడండి

కారు కొన్న కుర్రాళ్లందరికీ రీల్స్‌లో ఏదో ఒక రోజు ఈ వీడియో తగులుతుంది. బానెట్ ఎత్తుతారు, నల్లటి ప్లాస్టిక్ డబ్బా పీకేస్తారు, దాని ప్లేస్‌లో ఎర్రటి కోన్ ఫిల్టర్, తళతళలాడే పైపు బిగిస్తారు. యాక్సిలరేటర్ తొక్కగానే అదిరిపోయే సౌండ్. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్న: "పవర్ ఎంత పెరిగింది బ్రో?" ఆ ప్రశ్నకి మాత్రం ఎవరూ నంబర్ చెప్పరు.

కోడ్ రాసేవాళ్లకి ఒక పాత రూల్ ఉంది. ప్రోగ్రామ్ స్లోగా ఉంటే ముందు కొలవాలి, ఎక్కడ ఆగుతోందో చూడాలి, ఆ తర్వాతే కోడ్ మార్చాలి. కారుకి కూడా అదే రూల్ పెట్టి చూద్దాం.

ఇంజిన్‌కి గాలి ఎంత కావాలి?

పెట్రోల్ పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పాలంటే 1 లీటర్ పెట్రోల్‌కి 9 వేల లీటర్లకి పైగా గాలి. అంటే 35 లీటర్ల ట్యాంక్ ఒకసారి ఖాళీ అయ్యేసరికి మీ ఇంజిన్ 3 లక్షల లీటర్ల గాలి పీల్చేసి ఉంటుంది. మన రోడ్ల మీద ఆ గాలిలో ఎంత దుమ్ము ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు లోపలికి వెళ్తే సిలిండర్ గోడల్ని, పిస్టన్ రింగుల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. కాబట్టి ఫిల్టర్ మొదటి పని పవర్ పెంచడం కాదు, ఇంజిన్‌ని కాపాడటం.

మార్కెట్‌లో ఉన్న మూడు ఆప్షన్లు

మొదటిది, కంపెనీ ఇచ్చే పేపర్ ఫిల్టర్ లాంటిదే కొత్తది వేయడం. చాలా చిన్న కార్లకి కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. క్లిప్పులో స్క్రూలో తీసి పది నిమిషాల్లో మీరే మార్చుకోవచ్చు.

రెండోది, అదే డబ్బాలో సరిపోయే కాటన్ ఫిల్టర్. కే అండ్ ఎన్ లాంటి కంపెనీలు అమ్మేది ఇదే. నూనె పట్టించిన కాటన్ పొరలు ఉంటాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ధర వేలల్లో ఉంటుంది.

మూడోది, పూర్తి ఇన్‌టేక్ కిట్. డబ్బా, పైపు అన్నీ మారిపోతాయి. ఇందులో రెండు రకాలు. ఫిల్టర్ ఇంజిన్ పక్కనే ఉంటే షార్ట్ ర్యామ్. పొడవు పైపుతో బంపర్ వెనకో, ఫెండర్ కిందో ఉంటే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఖర్చు మిగతా రెండింటి కంటే చాలా ఎక్కువ.

అసలు బాటిల్‌నెక్ ఎక్కడ?

పెట్రోల్ ఇంజిన్‌లో గాలిని ఆపేది ముఖ్యంగా థ్రాటిల్ వాల్వ్. మీరు యాక్సిలరేటర్ కొంచెమే తొక్కితే అది కొంచెమే తెరుచుకుంటుంది. సిటీ ట్రాఫిక్‌లో మనం దాదాపు ఎప్పుడూ సగం కూడా తొక్కం. థ్రాటిల్ తలుపు మూసి ఉండగా దాని ముందు ఫిల్టర్ ఎంత ఫ్రీగా ఉన్నా లాభం లేదు. ఫోన్‌లో నెట్ స్లోగా ఉంటే ర్యామ్ పెంచినట్టే ఉంటుంది.

మైలేజీ సంగతీ ఇంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో దీన్ని టెస్ట్ చేసింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీలో పెద్ద తేడా రాలేదు. ఎందుకంటే లోపలికి ఎంత గాలి వస్తే ఈసీయూ అంత పెట్రోలే పోస్తుంది. ఫుల్ యాక్సిలరేషన్‌లో మాత్రం తేడా కనిపించింది. మూసుకుపోయిన ఫిల్టర్ తీసి కొత్తది వేస్తే పికప్ టైమ్ సుమారు 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. గమనించండి, ఇది మామూలు కొత్త ఫిల్టర్‌తో వచ్చిన లాభం. కిట్‌తో కాదు.

మీ కారులో మీరే కొలవండి

ఇక్కడే మన గ్యాడ్జెట్ పిచ్చి పనికొస్తుంది. ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ తీసుకుని స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌కి పెట్టండి. ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ వేసుకుని మ్యానిఫోల్డ్ ప్రెషర్ రీడింగ్ ఓపెన్ చేయండి. ఈ టెస్ట్ టర్బో లేని పెట్రోల్ కార్లకి పని చేస్తుంది.

ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. అప్పుడు కనిపించేది బయటి గాలి ప్రెషర్. విశాఖ లాంటి తీర ప్రాంతంలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, కాస్త ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద, స్పీడ్ లిమిట్ దాటకుండా, సెకండ్ గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర రీడింగ్ ఎంతో చూడండి. యాప్‌లో లాగ్ ఆన్ చేసి పెడితే ఇంటికొచ్చి గ్రాఫ్ చూసుకోవచ్చు. నడుపుతూ ఫోన్ చూడొద్దు.

ఉదాహరణకి హైదరాబాద్‌లో ఫుల్ థ్రాటిల్ రీడింగ్ 93 వచ్చిందనుకుందాం. పోయింది 2 మాత్రమే. ఫిల్టర్, డబ్బా, పైపు, థ్రాటిల్ అన్నీ కలిపి అడ్డుకుంటున్నది అంతే. అన్నీ మాయమైపోయినా పెరిగేది 2 శాతం చుట్టుపక్కలే. 85 హార్స్‌పవర్ కారులో అది 2 హార్స్‌పవర్ కూడా కాదు. తేడా 6, 7 వస్తే మాత్రం ఫిల్టర్ తీసి చూడండి, చాలావరకు దుమ్ముతో నిండిపోయి ఉంటుంది. కొత్త పేపర్ ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి.

వేడి గాలితో రివర్స్ అయ్యే లెక్క

గాలి వేడెక్కితే పలచబడుతుంది. ప్రతి 3 డిగ్రీలకి సుమారు 1 శాతం తగ్గుతుంది. బయట 40 డిగ్రీల ఎండ, బానెట్ కింద 60 డిగ్రీలు అనుకోండి. ఆ వేడి గాలి పీలిస్తే సుమారు 6 శాతం గాలి తక్కువ వచ్చినట్టే. దానికి తోడు వేడి గాలి చూసి ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ కూడా వెనక్కి జరపవచ్చు. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడ్ తగ్గించినట్టు.

మీరు పీకి పారేద్దామనుకున్న ఆ ప్లాస్టిక్ డబ్బా సాధారణంగా గ్రిల్ దగ్గర నుంచి చల్లగాలి తెస్తుంది. దాని ప్లేస్‌లో ఓపెన్ కోన్ పెడితే 2 శాతం కోసం వెళ్లి 6 శాతం పోగొట్టుకునే ఛాన్స్ ఉంది, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు. సౌండ్ పెరగడం వల్ల మాత్రం స్పీడ్ పెరిగినట్టే అనిపిస్తుంది! ఓబీడీ యాప్‌లో ఇన్‌టేక్ టెంపరేచర్ చూస్తే నిజం తెలిసిపోతుంది.

వాన, సెన్సర్లు, పేపర్లు

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఈ వేడి సమస్య తీరుస్తుంది, కానీ ఫిల్టర్ కిందికి వస్తుంది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో కారు వెళ్తే ఇంజిన్ నీళ్లు పీల్చేస్తుంది. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ రిపేర్ బిల్లు ముందు కిట్ ధర చిల్లర లెక్క.

ఇంకోటి సెన్సర్. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో పైపు సైజ్ మారితే రీడింగ్ తప్పుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని చెప్పే పీ0171 కోడ్ రావచ్చు. కాటన్ ఫిల్టర్‌కి నూనె ఎక్కువ పట్టిస్తే అది సెన్సర్ తీగ మీద చేరి ఇదే గోల.

ఇక రూల్స్. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇంజిన్ దగ్గర మార్పులు చేస్తే క్లెయిమ్ రోజున గొడవే. వారంటీ సంగతీ అంతే. ఈఎంఐ ఇంకా నడుస్తున్న కారు మీద ఈ రిస్క్ అవసరమా?

మరి టర్బో కార్లకి?

ఇక్కడ లెక్క కొంచెం మారుతుంది. టర్బో గాలిని బలంగా లాగుతుంది కాబట్టి దారి ఫ్రీగా ఉంటే దానికి కష్టం తగ్గుతుంది. కానీ స్టాక్ ట్యూన్‌లో బూస్ట్ ఎంత ఉండాలో ఈసీయూనే డిసైడ్ చేస్తుంది. రీమ్యాప్ చేయించి పవర్ బాగా పెంచిన కారుకి ఇన్‌టేక్ అర్థవంతమైన పార్ట్. స్టాక్ కారుకి ఎక్కువగా సౌండే మిగులుతుంది.

ఫైనల్‌గా ఏది తీసుకోవాలి?

రోజూ ఆఫీస్‌కి, వీకెండ్‌లో ఊరికి తిరిగే స్టాక్ కారు అయితే పేపర్ ఫిల్టరే బెస్ట్. మీ మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకి మార్చండి, దుమ్ము రోడ్లలో ఎక్కువ తిరిగితే ఇంకా ముందే. దాన్ని నీళ్లతో కడగొద్దు. గట్టిగా గాలి కొట్టించొద్దు, పేపర్ చిరిగితే దుమ్ము నేరుగా లోపలికే. కొనేటప్పుడు ఏసీకి వాడే క్యాబిన్ ఫిల్టర్‌తో కన్‌ఫ్యూజ్ అవ్వకండి, రెండూ వేరు.

కాటన్ ఫిల్టర్ డబ్బు ఆదా చేస్తుందా? పేపర్ 500, కాటన్ 5,000 అనుకుంటే, ఏడాదికో పేపర్ మార్చినా డబ్బు తిరిగి రావడానికి 10 ఏళ్లు పడుతుంది. క్లీనింగ్ కిట్ ఖర్చు అదనం. చాలా ఎక్కువ తిరిగేవాళ్లకే ఇది వర్కౌట్ అవుతుంది.

సౌండ్ కోసమే ఇన్‌టేక్ కావాలంటే అది మీ ఇష్టం, తప్పేం లేదు. పవర్ కోసం అయితే మాత్రం ముందు డాంగిల్ కొని కొలవండి. ఆ డాంగిల్ రేపు చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడు కూడా పనికొస్తుంది.