తుపానుకు ముందు రెండు రోజులు

సార్వా కోతలు దగ్గర పడే వేళకు కోస్తా జిల్లాల్లో రైతుకూ, కూలీకీ, వేటగాడికీ ఒకటే బెంగ. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న మాట చెవిన పడితే చాలు, అందరి చూపూ తూర్పు దిక్కుకే. వస్తే ఏం మిగులుతుంది, ఏం పోతుంది?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10 వేల మంది చనిపోయారు. 1990 మే నెలలో కృష్ణా తీరాన్నే మరో భయంకరమైన తుపాను తాకింది. ఆస్తి నష్టం అపారం. అయినా మృతులు వెయ్యి లోపే. ఆ 13 ఏళ్లలో సముద్రం మెత్తబడలేదు. తీరం వెంట రక్షణ భవనాలు లేచాయి, లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను మళ్లీ వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. వేటకు వెళ్లిన వాళ్లు వందల్లో తిరిగి రాలేదు. సముద్రం మీద ఉన్నవాడికి కబురు అందించే ఏర్పాటు ఆనాడు సరిగా లేదు.

కాబట్టి మేము చెప్పేది ఇదీ: ఎవరు బతుకుతారో గాలి ఒక్కటే తేల్చదు. ముందున్న రెండు రోజుల్లో ఎవరి చేతిలో ఏముందన్నది కూడా తేలుస్తుంది. ఇవాళ వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు తుపాను అలర్టు, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక ఇస్తున్నది. ఈ రెండు రోజులూ పనికి వచ్చేట్టు చేసుకోవాలి.

ఇంటి పని

తాటాకు ఇంటికి గాలి మొదట చూరు కింద దూరుతుంది. కప్పును పైకి లేపేది ఆ గాలే. అందుకని కప్పు మీద బరువులు పెట్టినంత మాత్రాన చాలదు, కిందికి లాగి కట్టాలి. పాత వలను కప్పు మీద పరిచి, నాలుగు వైపులా చూరు దాటించి, నేలలో ఏటవాలుగా దిగ్గొట్టిన గుంజలకు మోకులతో బిగించాలి. వాసాలను దూలానికి, దూలాన్ని నిట్రాడకు తాడుతో ముడి వెయ్యాలి. రేకుల ఇంటి మీద వదులుగా రాళ్లు పెట్టకూడదు. రేకు లేచిందంటే ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికి తెలుసు? ఇసుక బస్తాలైనా సరే, తాడుతో కట్టే పెట్టాలి. ఇంటి పక్క కొబ్బరిచెట్టు నుంచి ఎండు మట్టలు, కాయలు ముందే దింపించాలి.

రేషను కార్డు, ఆధార్, ఉపాధి హామీ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టా ఉంటే పట్టా ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి ఒంటినే ఉంచుకోవాలి. ఇల్లు, పడవ, వలలు సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. రేపు నష్టం రాసుకునే వాళ్లు సాక్ష్యం అడుగుతారు. గొడ్ల పలుపులు విప్పి మెరకకు తోలాలి. కట్టుకొయ్యకు ఉన్న పశువు ఈదే పశువైనా బతకదు.

ఎంత బిగించి కట్టినా పూరిల్లు ఉప్పెనకు ఆగదు. ప్రాణం దక్కాలంటే గాలి ముదరక ముందే మెరకకు, పక్కా భవనానికి చేరాలి. తుపాను దాటే చోటికి కుడి పక్కన, అంటే మన తీరంలో ఈశాన్యపు వైపు, గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. 1977లో తుపాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు, మునిగింది దివిసీమ. "మన దగ్గర దాటట్లేదుగా" అని పడుకోవడం ప్రమాదం. మరొక్కటి: గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకోవద్దు. అది దాని కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా వస్తుంది.

పడవ పని

తెప్పలు, చిన్న నావలు అలల అంచున వదలరాదు. పది మంది చేతులు కలిపి ఇసుక దిబ్బ దాటించి, చెట్ల మొదళ్లకు రెండు వైపులా కట్టాలి. ఫైబరు బోటు తేలిక. ఖాళీగా ఉంటే గాలి ఎత్తి పడేస్తుంది. ఇంజను విప్పి ఊళ్లోకి చేర్చి, బోటులో ఇసుక బస్తాలు వెయ్యాలి. మరపడవలను ఏటి పాయల్లోకి, మడ అడవుల చాటుకు తేవాలి. ఒకదానికొకటి ఆనించి కడితే కొట్టుకుని పగుళ్లిస్తాయి. ఎడం ఉంచి, మధ్యన పాత టైర్లు వేలాడదీసి, ముందూ వెనకా లంగర్లు వెయ్యాలి. నీరు లేచేకొద్దీ పడవా లేస్తుంది గనుక తాడు పొడుగ్గా వదలాలి. పొట్టి తాడు పడవను ముంచుతుంది. కట్టడం అయ్యాక పడవలో కాపలా ఉంటామనడం మాత్రం ఒప్పుకోకూడదు.

ఆ మడ అడవులను నరికి రొయ్యల చెరువులు తవ్విన చోట్ల పడవకు చాటూ లేదు, ఊరికి అడ్డూ లేదు. తవ్వుకుని లాభం తిన్నది ఒకరు, అలకు ఎదురు నిలబడవలసింది మరొకరు.

ఊరి పని

"చెబితే కదలరు, మొండివాళ్లు" అని అధికారులు అంటూ ఉంటారు. కూలీని అడిగి చూడండి. "మేకల్ని వదిలి ఎట్టా వస్తామయ్యా? తిరిగొచ్చేసరికి ఉంటాయా? అక్కడికి పోతే రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అంటాడు. బోటు మీద షావుకారు అప్పు ఉన్నవాడు బోటు వదిలి రావడానికి వెనకాడతాడు. పట్టా లేని గుడిసెవాడికి, రిజిస్ట్రేషను కాగితం లేని తెప్పవాడికి పరిహారం దక్కుతుందన్న నమ్మకం లేదు. కరకట్ట అవతల, పల్లంలో ఇల్లు కట్టుకున్నది సరదాకు కాదు. మెరకన సెంటు భూమి ఇచ్చినవాడు లేడు. ఇది మొండితనమా?

అందుచేత సంఘాలు కాలం రాకముందే పని మొదలు పెట్టాలి. రక్షణ భవనం తాళం ఎవరి దగ్గరుంది, మంచినీళ్లు వస్తాయా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, దారి నడవనిస్తుందా అని చూడాలి. లేకపోతే ఇప్పుడే నిలదీయాలి. ముసలివాళ్లు, నిండు చూలాళ్లు, నడవలేని వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో పేటల వారీ జాబితా రాసి, ఒక్కొక్కరికి ఇద్దరు యువకులను కేటాయించాలి. మోకులు, గుంజలు, ఇసుక బస్తాలు ఊరుమ్మడిగా సమకూర్చాలి. వాటి ఖర్చు పంచాయతీ భరించాలి. వేటకు వెళ్లిన పడవలు ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని అన్న లెక్క రేవులోనే ఉండాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా స్పష్టం. తరలించిన రోజులకు కూలి నష్టం ఇవ్వాలి. పశువులకు కూడా మెరక చోటు చూపాలి. కాగితం లేదన్న సాకుతో గుడిసెకూ, తెప్పకూ, కౌలు రైతు పంటకూ పరిహారం ఎగ్గొట్టరాదు. కట్ట అవతల ఉన్న ప్రతి కుటుంబానికీ మెరకన ఇంటి జాగా, పక్కా ఇల్లు ఇవ్వాలి.

తుపానును ఆపడం ఎవరి తరమూ కాదు. దాని ముందు రెండు రోజులు మాత్రం మన చేతిలో ఉన్నాయి. ఈ పని వాయుగుండం పడ్డాక మొదలెడితే ఆలస్యమే. వచ్చే గ్రామసభలోనే రక్షణ భవనం తాళం సంగతి ఎత్తండి.