మీకు తెలుసా? శాండ్‌విచ్ దొరగారి వింతలు!

బేకరీలో మనం అడిగి మరీ తినే శాండ్‌విచ్ ఒక దొరగారి పేరే! ఆయనే ఇంగ్లండుకు చెందిన జాన్ మాంటేగ్యూ, నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ (1718–1792).

● పదేళ్లకే ప్రభువు! తండ్రి ముందే పోవడంతో, 1729లో తాతగారి బిరుదు నేరుగా ఈ మనవడికే దక్కింది.

● మనం తినేది ‘పోర్ట్‌స్మత్’ అయ్యుండేది! 1660లో ఈ వంశంలో మొదటి ఎర్ల్‌కు ముందు అనుకున్నది ఆ రేవు పేరే. తర్వాత అది కెంట్ తీరంలోని శాండ్‌విచ్ ఊరికి మారింది.

● రొట్టెల మధ్య మాంసం ఎందుకు పెట్టించుకున్నారంటారు? జూదం బల్ల వదల్లేక అని ఆనాటి ఫ్రెంచి రచయిత ఒకరు రాశారు. కాదు, ఆఫీసు పని వదల్లేక అయ్యుంటుందని ఆయన జీవితచరిత్ర రాసినాయన అంటారు!

● 1762లోనే డైరీకెక్కిన ఫలహారం! లండన్‌లో పెద్దమనుషులు రాత్రిపూట శాండ్‌విచ్ తింటుంటే చూసి రాసుకున్నది చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్.

● 23 ఏళ్లకు లండన్‌లో ‘షేక్’! ఈజిప్టు చూసొచ్చిన దొరలు 1741లో ఒక సంఘం పెట్టుకుని, అధ్యక్షుడైన ఈయనకు ఆ పేరిచ్చారు.

● బ్రిటిష్ నౌకాదళ మంత్రి పదవి ఒకసారి కాదు, మూడుసార్లు! మొదటిసారి 29 ఏళ్లకే దక్కింది. మూడోసారి 1771 నుంచి 1782 దాకా ఏకంగా 11 ఏళ్లు సాగింది.

● ఓడల అడుగుకు రాగి రేకులు! కొయ్యను తొలిచే సముద్రపు పురుగులు దరిచేరకుండా, నాచు పట్టి వేగం తగ్గకుండా ఆయన హయాంలో యుద్ధనౌకల్లో చాలావాటికి ఈ తొడుగు వేశారు.

● వాయిద్యాల్లో ఆయనకు ఇష్టమైనవి పెద్ద డోళ్లు! హించింగ్‌బ్రూక్‌లోని సొంత భవంతిలో స్వరకర్త హాండెల్ సంగీత కచేరీలు పెట్టించి, మంత్రిగారే ఆ డోళ్లు వాయించేవారు.

● హవాయికి ఒకప్పటి పేరు ‘శాండ్‌విచ్ దీవులు’! 1778లో అక్కడికి చేరిన కెప్టెన్ జేమ్స్ కుక్, తన యాత్రలకు అండగా నిలిచిన మంత్రిగారి పేరు పెట్టారు.

● ఈయన పేరే ఉన్న దక్షిణ శాండ్‌విచ్ దీవుల్లో ఎందరు కాపురముంటున్నారో చెప్పగలరా? మనుషులైతే సున్నా, అంటార్కిటికాకు దగ్గరలోని ఆ మంచు దీవుల్లో, ఒక్క జవోదోవ్‌స్కీ దీవిలోనే చిన్‌స్ట్రాప్ పెంగ్విన్లు పది లక్షలకు పైమాటే!