వాగు గొప్పదా, మొక్క గొప్పదా?

కొత్తగూడెము నుండి భద్రాచలమునకు పోవు బాటపై, పాల్వంచ దాటిన పిదప, జామాయిల్ తోటలు బారులు తీరి కనబడును. అట్టి తోట యొకదాని గట్టుపై కూర్చున్న పెద్దవయసు రైతును ఒకనాడు పలుకరించితిని. అతడు చేయి చాపి చూపెను. "సారూ, ఇది క్లోను మొక్క. వాగు పక్కన పెట్టిన. పాత రకం మొక్కను పైన గరపనేలలో పెట్టిన. కిందిదే బాగా ఎదిగింది. ఇప్పుడు మీరే చెప్పండి, మొక్క గొప్పదా, వాగు గొప్పదా?"

ఆ ప్రశ్నకు ఆ తోటలో జవాబు లేదు. మొక్క మారినచోటనే నేలయు మారినది. రెంటి ఫలమును విడదీయు ఉపాయము మిగులలేదు. జామాయిల్ కోతకు రావలెనన్న నాలుగేండ్లు పట్టును. తప్పుడు తీర్మానముతో మరల నాటినచో, చిన్న రైతునకు ఉన్న రెండెకరములు మరి నాలుగేండ్లు దానికే కట్టుబడి యుండును.

ఈ చిక్కు సారపాకలో పనిచేయువారికి క్రొత్త కాదు. అచ్చటి కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి ఆరంభించెను. పరిశ్రమలు తమకు కావలసిన కలపను సాగుదారులతో నేరుగా సంబంధము పెట్టుకొని సమకూర్చుకొనవలెనని 1988 నాటి జాతీయ అటవీ విధానము చెప్పెను. సుమారు ఆ కాలముననే మిల్లువారు మేలైన చెట్లను ఏరి, వాని కొమ్మల ముక్కలకు వేళ్ళు పుట్టించి, ఒకే తల్లిచెట్టు సంతానముగా మొక్కలు పెంచసాగిరి. అవియే భద్రాచలము క్లోనులని పేరొందినవి. అయితే ఏరిన చెట్టు నిజముగా మేలుజాతిదో, మంచి నేల దొరికిన అదృష్టవంతురాలో చూపుతో తెలియదు. దానిని తేల్చునది మడుల ప్రయోగము. ఆ ప్రయోగమును చదువు పద్ధతికి విస్తృతి విశ్లేషణ యని పేరు.

ఈ పద్ధతి బంగాళాదుంపల మడిలో పుట్టినది. ఇంగ్లండులోని రోథంస్టెడ్ వ్యవసాయ కేంద్రమున 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్, మెకెంజీ యను సహచరితో కలిసి 1923లో పండ్రెండు బంగాళాదుంప రకములపై ఎరువుల ప్రభావమును ఈ తీరున లెక్కించెను. వినోదమేమనగా, ఆ తొలి లెక్కయే పూర్తిగా సరికాదు. పెద్ద మడులలోని తేడాలను, వానిలోని చిన్న మడుల తేడాలను ఆయన ఒకే గాటికి కట్టెను. 1925లో వెలువడిన తన గ్రంథమున తానే దిద్దుకొనెను. పద్ధతిని కనుగొన్నవానికే పొరపాటు జరిగినపుడు తక్కిన మనము కొంచెము జాగ్రత్తతో నడచుట మంచిది.

మన రైతు పొలమునకే వత్తము. వాగు నుండి గట్టు వరకు నేల వాలు కలదు. వాలునకు అడ్డముగా మూడు పట్టీలు గీయుదము: వాగు పట్టీ, నడిమి పట్టీ, గరప పట్టీ. ఒక్కొక్క పట్టీ ఒక బ్లాకు. బ్లాకు లోపల నేల చాలవరకు ఒకే తీరుగా నుండవలెను; బ్లాకునకు బ్లాకునకు నడుమ ఎంత తేడా యున్నను చింత లేదు. ప్రతి బ్లాకులో నాలుగు మడులు. వానిలో విత్తన మొక్క ఎరువు లేకుండ, విత్తన మొక్క ఎరువుతో, క్లోను ఎరువు లేకుండ, క్లోను ఎరువుతో నాటుదము. ఏ మడిలో ఏది యన్నది చీటీలు వేసి నిర్ణయింపవలెను. మన చేతికి వదలినచో, తెలియకయే, ఇష్టమైన మొక్కకు మంచి మడి నిచ్చెదము.

ఇక ఫలితములు. ఇవి లెక్క తెలియుటకై నేను కల్పించిన అంకెలు, ఏ తోటలోను తూచినవి కావు. మడికి ఇన్ని క్వింటాళ్ళ కలప యని, వాగు, నడిమి, గరప పట్టీల వరుసలో చెప్పుదును. ఎరువు లేని విత్తన మొక్క 12, 8, 4. ఎరువుతో 11, 10, 6. ఎరువు లేని క్లోను 13, 9, 8. ఎరువుతో క్లోను 18, 15, 12.

మొత్తము సగటు పదిన్నర. ప్రతి మడియు ఆ సగటునకు ఎంత దూరమున నున్నదో చూచి, ఆ దూరములను వర్గము చేసి కూడినచో 165 వచ్చును. పొలములోని హెచ్చుతగ్గుల మొత్తము ఇదియే. ఈ మొత్తమును అన్నదమ్ముల ఆస్తివలె పంచవచ్చును. పైసా మిగులదు, పైసా తగ్గదు. నేల తేడా, అనగా బ్లాకుల వాటా 72. మొక్క రకము వాటా 48. ఎరువు వాటా 27. మొక్కయు ఎరువును కలిసి చూపిన పరస్పర ప్రభావము వాటా 12. ఎవరికిని చెందక మిగిలినది 6. ఆ శేషమే మన అజ్ఞానమునకు కొలత: చెద, గాలి, తూకములోని తేడా, అన్నియు అందులోనివే.

పండ్రెండు అంకెలలో సగటునకు ఒకటి, బ్లాకులకు రెండు, నాటిన తీరులకు మూడు పోగా, శేషమునకు స్వేచ్ఛగా మిగులునవి ఆరు. 6ను ఆరింటికి పంచిన 1. దానితో పోల్చగా మొక్క రకము 48 రెట్లు, ఎరువు 27 రెట్లు, పరస్పర ప్రభావము 12 రెట్లు. ఈ నిష్పత్తికి ఫిషర్ గౌరవార్థము స్నెడెకర్ ఎఫ్ అను అక్షరము నిచ్చెను. నాటిన తీరులలో ఏ తేడాయు లేకున్నను నూటికి అయిదుసార్లు కేవలము కాకతాళీయముగా దాటగల హద్దు ఇచ్చట 5.99. మూడును దానిని దాటినవి.

ఇప్పుడు బ్లాకులను మరచి అవే అంకెలను లెక్కింపుడు. నేల తేడా 72 పోయి శేషములో కలియును. శేషము 78 అగును. దానిని ఎనిమిదింటికి పంచిన 9.75. నిష్పత్తులు 4.9, 2.8, 1.2కు పడిపోవును; అపుడు హద్దు 5.32. ఒక్కటియు దాటదు. క్లోనులో ఏమియు లేదని కాగితము వ్రాసి యింటికి పోవలసినదే! మొక్క మారలేదు, మడి మారలేదు, తూకము మారలేదు. నేల తేడాకు లెక్కలో చోటీయకపోవుట యొక్కటే మారినది.

పరస్పర ప్రభావమును గూర్చి మరికొంత చెప్పవలెను. రైతు జేబునకు సంబంధించినది అదియే. సగటున ఎరువు 3 క్వింటాళ్ళు పెంచినది. ఎరువు ఖర్చు 2 క్వింటాళ్ళ విలువ యనుకొందము. అందరును వేయవలసినదే యని తోచును. కాని విడిగా చూడుడు: విత్తన మొక్కకు ఎరువు 1 క్వింటాలు మాత్రమే పెంచెను, క్లోనునకు 5 పెంచెను. సగటును నమ్మి విత్తన మొక్కకు ఎరువు కొన్నవాడు మడికొక క్వింటాలు నష్టపడును. ఎరువు నొక ఏడు, మొక్క నొక ఏడు వేరువేరుగా పరీక్షించినవారికి ఈ సంగతి ఎన్నటికిని తెలియదు. రెండు కారకములను ఒకేసారి మడిలో పెట్టుటలోని లాభమిది.

కారకములు పెరిగినకొలది మడులును పెరుగును. ఏడు కారకములు, ఒక్కొక్కటి రెండేసి స్థాయిలైన 128 మడులు కావలెను. అంత పొలమెచ్చట? ఈ చిక్కునకు దారి చూపినవారిలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు ముఖ్యుడు. 1920లో హడగళిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చేరెను. ఆయన 1940లలో ప్రతిపాదించిన లంబ వ్యూహములతో ఏడు కారకముల ప్రధాన ప్రభావములను ఎనిమిది మడులతోనే చూడవచ్చును. అయితే వెల చెల్లింపక తప్పదు: పరస్పర ప్రభావములు ప్రధాన ప్రభావములలో కలిసిపోయి విడివడవు. ఈ వ్యూహములు తరువాత కర్మాగారములకును ప్రాకినవి. రావుగారు 2023లో పరమపదించిరి.

ఇన్ని చెప్పినను ఒక పొలములోని ప్రయోగము ఆ పొలము మాటయే చెప్పును. పాల్వంచ ఎర్రనేలలో గెలిచిన క్లోను గోదావరి ఒడ్డు నల్లరేగడిలో గెలుచునో లేదో అచ్చట నాటియే చూడవలెను. పట్టీ మారినపుడు క్లోను ఆధిక్యము తలక్రిందులైనచో, మూడు బ్లాకుల లెక్క దానిని శేషములో దాచివేయును.

రైతునకు ఇదంతయు చెప్పలేదు. పట్టీలు, చీటీలు మాత్రము చెప్పితిని. అతడు కొంతసేపు ఆలోచించి, "గరపనేలలో కూడా క్లోను పెట్టాలంటారు" అనెను. అవునంటిని. "చచ్చిపోతే?" అని అడిగెను. చచ్చిన మొక్కలను కూడ లెక్క వ్రాయుమని చెప్పితిని.