సమాధిలోంచి పిలిచిన గొంతు

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేది క్షేత్రానికి ఒక స్థలపురాణం ఉంది. అందులో రాక్షసుడి పేరు రక్తవిలోచనుడు. హిరణ్యాక్షుడి కొడుకు. వశిష్ఠ ఒడ్డున ఘోర తపస్సు చేసి శివుడి దగ్గర ఒక వరం పుచ్చుకున్నాడు. యుద్ధంలో తన ఒంటి నుంచి కారిన నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే, తనంతటి బలవంతులు అంతమంది పుట్టుకు రావాలన్నది ఆ వరం. వశిష్ఠ మహర్షి నూరుగురు కొడుకులను పొట్టన పెట్టుకున్నవాడు ఇతడే. సాక్షాత్తూ నరసింహస్వామి దిగివచ్చినా కొట్టినకొద్దీ రాక్షసులు పెరిగారే తప్ప తగ్గలేదు. చివరికి మాయాశక్తి నాలుక చాచి, నెత్తురు నేల మీద పడకుండా పట్టుకుంటే తప్ప వాడు చావలేదు.

ఈ కథను భక్తులు చెప్పుకునేటప్పుడు రక్తవిలోచనుడికి ఎన్ని కోరలున్నాయో, కళ్లు ఎంత ఎర్రగా ఉంటాయో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వినేవాళ్ల ఒళ్లు జలదరించేది ఆ వరం దగ్గరే. సముద్రపు ఒడ్డున, ఎటు చూసినా ఇసుకే ఉన్న చోట, ఇసుక మీద నెత్తురు చుక్క పడకుండా యుద్ధం చేయాలి. అది సాధ్యమయ్యే పనేనా? దెయ్యాల సినిమాల్లో విలన్ ఎందుకు భయపెడతాడన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. వికారమైన మొహానికి కళ్లు అయిదు నిమిషాల్లో అలవాటుపడతాయి. ఏం చేసినా వీణ్ని ఆపలేమన్న దిగులు మాత్రం సినిమా అయిపోయినా వదలదు.

అదే కోనసీమలోని రాజోలు నుంచి దిండి మీదుగా చించినాడ వంతెన దాటితే పాలకొల్లు ఎంతో దూరం కాదు. నదికి ఈ ఒడ్డున రాజోలులో యండమూరి వీరేంద్రనాథ్ పుట్టారు. ఆ ఒడ్డున పాలకొల్లులో కోడి రామకృష్ణ పుట్టారు. ఒకరు అచ్చులో, మరొకరు తెర మీద తెలుగువాళ్లను భయపెట్టినంతగా గత యాభై ఏళ్లలో ఇంకెవరూ భయపెట్టలేదంటే ఒప్పుకోనివాళ్లు తక్కువే.

యండమూరి ‘తులసిదళం’ 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. పసిపిల్ల, ఆ పిల్ల పేరున ఉన్న డబ్బు, ఆ డబ్బు కోసం పిల్ల మీద చేయించిన చేతబడి. కథ ఇంతే. దానికి కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా తీశారు. ఈ నవలల్లో యండమూరి చేసిన అసలైన పని ఒకటుంది. మంత్రగాణ్ని ఎక్కడో దూరాన కూర్చోబెట్టి, వాడి చేతలను మధ్యతరగతి ఇంట్లోకి, పిల్ల పడుకున్న మంచం దాకా తీసుకొచ్చారు. కారణం తెలియని జ్వరం, మందులకు లొంగని నొప్పి ఏ తల్లికైనా తెలిసిన భయాలే. ఒకపక్క డాక్టర్లు, మరోపక్క మంత్రాలు. ఏది నిజమో పాఠకుడు తేల్చుకునేలోపే ఆ వారం భాగం అయిపోయేది. తర్వాతి సంచిక కోసం వారం రోజులు కాచుకోవాలి. ఆ ఏడు రోజుల్లో భయాన్ని పెంచి పోషించింది పాఠకుడే.

కోనసీమలో సెకండ్ షో చూసి కాలవగట్టు మీదుగా ఇంటికి నడిచిన తరానికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. వెనక హాలు లైట్లు ఆరిపోయాయి. ఒక పక్క నీళ్లు, రెండో పక్క తోట. ఎక్కడో ఎండిన కొబ్బరి మట్ట తెగి దబ్బున పడుతుంది. పగలు పదిసార్లు విన్న చప్పుడే అది. ఆ రాత్రి మాత్రం నడిచేవాడి కాళ్లలో వేగం పెరుగుతుంది. తెర మీద చూసిన దెయ్యం ఆ తోటలో లేదని వాడికి తెలుసు. అయినా ఒళ్లు వాడి మాట వినదు. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగాలు ఆలోచన కంటే ముందే పని మొదలుపెడతాయి. గుండె దడ మొదలయ్యాకే అది కొబ్బరి మట్ట అన్న సంగతి తలకెక్కుతుంది.

కోడి రామకృష్ణ ఈ కిటుకులన్నీ ఒకే పాత్రలో పోశారు. శ్యాంప్రసాద్‌రెడ్డి నిర్మాతగా 1995లో ‘అమ్మోరు’ తీసినప్పుడు రామిరెడ్డి చేసిన గోరఖ్ పాత్రకే జనం హడలిపోయారు. అదే నిర్మాత, అదే దర్శకుడు 2009 సంక్రాంతికి ‘అరుంధతి’ని తెచ్చారు. అందులో పశుపతి.

పశుపతి ఎక్కడి నుంచో ఊడిపడ్డ పిశాచం కాదు. గద్వాల సంస్థానానికి అల్లుడు, కథానాయిక జేజమ్మకు అక్క మొగుడు. తెలుగింట్లో అల్లుడికి దక్కే మర్యాద ఎలాంటిదో అందరికీ తెలుసు. ఆ మర్యాద చాటునే వాడు ఇంట్లోవాళ్లను చెరిచాడు, చంపాడు. కట్టుకున్నదాని చావుకు కారణమయ్యాడు. అత్తారింటి మర్యాద కోసం ఆడపిల్ల నోరు నొక్కుకోవడం ప్రేక్షకుల్లో ఎంతమంది చూసి ఉంటారో! మంత్రాలూ తంత్రాలూ రాకముందే పశుపతి మనకు తెలిసిన దుర్మార్గుడు. భయానికి పునాది అక్కడ పడింది.

ఆ తర్వాతే నియమాలు వచ్చాయి. వాణ్ని చంపితే ఆత్మ ఇంకా ప్రమాదం, కాబట్టి బతికుండగానే సమాధి చేయాలి. సమాధి కట్టారు, యంత్రాలతో బిగించారు. తరాలు గడిచాయి. వాడు మాత్రం లోపల ఎదురుచూస్తూనే ఉన్నాడు. వాణ్ని అంతం చేసే ఆయుధం కోసం జేజమ్మ తన ప్రాణాన్నే ఇవ్వాల్సి వచ్చింది, ఆ ఆయుధం ఆమె ఎముకలతోనే తయారైంది. విలన్ ఎంత భయంకరుడో చెప్పడానికి వాణ్ని ఓడించడానికి చెల్లించాల్సిన మూల్యం చూపించడాన్ని మించిన దారి లేదు. దెయ్యం సినిమా రాసే కుర్రాళ్లు ‘అరుంధతి’ నుంచి నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. గ్రాఫిక్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మరి సమాధిలోంచి పిలిచే ఆ గొంతు? తెర మీద మొహం పంజాబ్ నుంచి వచ్చిన సోనూ సూద్‌ది. గొంతు పి. రవిశంకర్‌ది. నటుడు పి.జె. శర్మ కొడుకు, సాయికుమార్ తమ్ముడు. ‘బొమ్మాళీ’ అన్న పిలుపులో ఆయన పెట్టిన సాగదీత వింటే మాటలో కోపం కంటే మోహం ఎక్కువ వినిపిస్తుంది. చంపేస్తానని అరిచేవాడి నుంచి పారిపోవాలనిపిస్తుంది. ముద్దుగా పిలుస్తూ వదలనని చెప్పేవాడి నుంచి ఎక్కడికి పారిపోవాలో తోచదు. ఈ సినిమాకు నంది అవార్డుల్లో ఉత్తమ ప్రతినాయకుడిగా సోనూ సూద్‌కు, డబ్బింగ్‌కు రవిశంకర్‌కు బహుమతులు వచ్చాయి. ఆనాటి నుంచి రవిశంకర్ ఇంటిపేరే బొమ్మాళి అయిపోయింది.

ఒకరి మొహానికి మరొకరి గొంతు తగిలించడం హాలీవుడ్‌లోనూ జరిగింది. 1973లో వచ్చిన ‘ది ఎగ్జార్సిస్ట్’లో దెయ్యం పట్టిన పన్నెండేళ్ల పిల్ల నోటి నుంచి వచ్చే గరగర గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే ఆస్కార్ నటిది. గొంతు బొంగురుపోవడానికి ఆమె పచ్చి గుడ్లు మింగి, సిగరెట్లు తాగి మరీ రికార్డింగ్‌కు కూర్చున్నారట. చిన్నపిల్ల పెదవులు కదులుతుంటే ముదురు గొంతు వినిపించడం మెదడుకు మింగుడుపడదు. చూసేదీ వినేదీ ఒకదానికొకటి పొసగనప్పుడు ఎక్కడో ఏదో తప్పు జరుగుతోందన్న కంగారు పుడుతుంది. జపాన్ రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లోనే ఇలాంటి విషయాన్ని గమనించి రాశారు. మనిషి పోలికకు దూరంగా ఉన్న బొమ్మ ముద్దొస్తుంది, అచ్చం మనిషిలా ఉంటే ఇబ్బంది లేదు, దాదాపు మనిషిలా ఉండి ఎక్కడో చిన్న తేడా కొడితేనే ఒళ్లు గగుర్పొడుస్తుందని ఆయన చెప్పారు. 1998 నాటి జపాన్ సినిమా ‘రింగు’లో సడాకో నడక అందుకు నికార్సైన ఉదాహరణ. నటిని వెనక్కి నడిపించి షూట్ చేసి, ఫిల్మును తిరగేసి చూపించారు. ఆమె ముందుకే వస్తుంది, కానీ మనిషి కాలు అలా పడదు.

నేపథ్య సంగీతం సంగతీ అంతే. కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన డేనియల్ బ్లమ్‌స్టీన్, మర్మాట్లు అనే కొండ ఉడతల అరుపుల మీద పనిచేసిన శాస్త్రవేత్త, 2010లో సహచరులతో కలిసి సినిమాల సౌండ్‌ట్రాక్‌లను పరిశీలించారు. ప్రాణభయంతో జంతువు అరిచే అరుపులో ఉండే బరకదనం హారర్ సినిమాల శబ్దాల్లోనూ కనిపించింది. సంగీత దర్శకులు చెవితో పట్టుకున్నది శాస్త్రం తర్వాత కొలిచి చూసింది.

అసలు విలన్‌నే చూపించకుండా భయపెట్టినవారు రామ్‌గోపాల్‌వర్మ. 1992లో రేవతితో తీసిన ‘రాత్రి’లో చాలాసేపు కెమెరాయే విలన్. అది నేల మీదుగా పాకుతూ, మెట్లెక్కుతూ, గుమ్మాలు దాటుతూ మనిషి వీపు దాకా వస్తుంది. ఎవరి కళ్లతో చూస్తున్నామో మనకు తెలియదు, ఆ అమ్మాయికి అసలే తెలియదు. ప్రేక్షకుడి చేతిలో చిన్న సమాచారం పెట్టి, దాన్ని పాత్రకు చెప్పే వీలు లేకుండా చేయడంలో ఉన్న బాధే అది. హాల్లో ఆడవాళ్లు ‘వెనక్కి చూడవే’ అని పైకే అనేస్తారు.

ఇవాళ్టి సినిమాలు చాలావాటికి ఈ ఓపిక లేదు. పది నిమిషాలకోసారి చెవులు చిల్లులు పడేలా ఒక దెబ్బ కొడితే జనం ఉలిక్కిపడతారు, నిజమే. కానీ ఉలికిపాటు క్షణంలో పోతుంది. ఓపిక పట్టినవి లేకపోలేదు. సాయికిరణ్ దర్శకత్వంలో 2022లో వచ్చిన ‘మసూద’ ఆ కోవలోది. కూతురిలో వస్తున్న మార్పులు ఒంటరి తల్లి కళ్ల ముందు ఒక్కొక్కటే బయటపడతాయి. సాయం చేయవలసిన పక్కింటి కుర్రాడు గోపీ స్వతహాగా పిరికివాడు. ధైర్యవంతుడైన హీరో పక్కనుంటే విలన్ సగం చచ్చినట్టే. గోపీ లాంటివాడు తప్ప ఇంకెవరూ దిక్కు లేరని తెలిసినప్పుడే మసూద అనే దెయ్యం మనకు పెద్దదిగా కనిపిస్తుంది.

2021లో ఓటీటీలో వచ్చి, 2023లో రెండో భాగంతో థియేటర్లకెక్కిన ‘మా ఊరి పొలిమేర’లో దారి వేరు. అప్పటిదాకా నవ్వించిన సత్యం రాజేష్ అందులో కొమరయ్య అనే ఆటోడ్రైవర్. ఊళ్లో అందరినీ వరసలు పెట్టి పిలుస్తాడు, ఇంటి ముందు ఆటో ఆపి మాట్లాడతాడు. చేతబడి చేసేది ఆ మనిషేనని తేలినప్పుడు భయపడవలసింది శ్మశానానికి కాదు, మన వీధికేనని అర్థమవుతుంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. ఈ భయం తెర దాటి ఊళ్లోకి వచ్చినప్పుడు మనుషుల ప్రాణాలు పోయాయి. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్లను, ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. యండమూరి నవలలను క్షుద్ర సాహిత్యమని ఆనాడు రంగనాయకమ్మ వంటివారు గట్టిగా విమర్శించడం వెనక ఈ ఆందోళనే ఉంది. విమర్శ న్యాయమైనదే. మంత్రగాణ్ని విలన్‌గా పెట్టే ప్రతి రచయితా పక్కింటి మనిషి మీద అనుమానపు బీజం వేస్తున్నాడన్న ఎరుకతో రాయాలి. 2023లో కార్తీక్ దండు తీసిన ‘విరూపాక్ష’కు ఆ ఎరుక కొంత ఉంది. రుద్రవనంలో చావులన్నిటికీ మూలం ఊరివాళ్లు చేసిన పాపమే. మంత్రగాళ్లన్న అనుమానంతో ఒక జంటను సజీవంగా తగలబెట్టారు. సాయిధరమ్ తేజ్ వెతుక్కుంటూ వెళ్లిన దారి చివరికి తాను ప్రేమించిన అమ్మాయి గుమ్మం ముందే ఆగుతుంది. సినిమాలో అన్నిటికంటే భయపెట్టే దృశ్యం మాత్రం కాగడాలు పట్టుకుని వచ్చిన ఊరి జనమే. వాళ్లలో ఎవరికీ దెయ్యం పట్టలేదు.

పశుపతిని తెర మీద మోసిన సోనూ సూద్ విషయానికి వస్తే, 2020 లాక్‌డౌన్‌లో ఆయన వలస కూలీలను బస్సులెక్కించి ఇళ్లకు పంపారు. ఆ ఏడాది చివర్లో సిద్దిపేట జిల్లాలోని ఒక తండా జనం ఆయన విగ్రహం పెట్టి గుడి కట్టారు. హారతులిచ్చారు. ఇదంతా అయ్యాక కూడా ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘అరుంధతి’ వేస్తే, సమాధి బీటలువారే చోటికి రాగానే పిల్లలు తల్లి పక్కకు జరుగుతారు. ఆ నటుడు మంచివాడని వాళ్లకు ఇంట్లో చెప్పే ఉంటారు. పిల్లలు భయపడుతున్నది ఆయనకు కాదు, సమాధి లోపలి నుంచి తీరిగ్గా పిలుస్తున్న ఆ గొంతుకు.