చాక్లెట్ బిస్కెట్: రుచి ఎంత? బలం ఎంత?

పిల్లవాడు మారాం చేస్తే చాక్లెట్ బిస్కెట్. చుట్టాలు వస్తే అదే. పొద్దున్నే టిఫిన్ చేసే తీరిక లేకపోతే టీతో పాటు అదే. దాని రుచి అందరికీ తెలుసు. అది ఒంటికి ఇచ్చేదేమిటో కూడా తెలుసుకుందాం.

ఈ బిస్కెట్‌లో ముఖ్యంగా ఉండేవి మైదా, చక్కెర, నూనె లేదా వెన్న, కోకో. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూగా, 100 గ్రాముల బిస్కెట్లలో పిండి పదార్థాలు 65 గ్రాములు, కొవ్వు 22 గ్రాములు, మాంసకృత్తులు 6 గ్రాములు ఉంటాయి. పిండి పదార్థాల్లో 35 గ్రాముల దాకా చక్కెరే. పిండి పదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీల చొప్పున, కొవ్వు గ్రాముకు 9 కేలరీల చొప్పున ఇస్తాయి. అన్నీ కలిపితే దాదాపు 480 కేలరీలు.

అంటే శక్తికి కొదవ లేదు, పోషణకే కొదవ. మైదాలో పొట్టు పోతుంది కనుక పీచు తక్కువ. 100 గ్రాముల బిస్కెట్లలోని మాంసకృత్తులు ఒక్క ఉడికించిన గుడ్డులో దొరుకుతాయి. కోకోలో మేలు చేసే పదార్థాలు ఉన్నమాట నిజమే, కానీ బిస్కెట్‌లో కోకో పాలు కొద్దిగానే ఉంటుంది. ఆ కాస్త కోకో కోసం ఎంతో చక్కెర తినవలసి వస్తుంది.

రోజు మొత్తం కేలరీలలో, విడిగా కలిపిన చక్కెర వాటా 10 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకు 1500 కేలరీలు కావలసిన పిల్లలకు అది సుమారు 37 గ్రాములు. 50 గ్రాముల బిస్కెట్లతోనే అందులో దాదాపు సగం అయిపోతుంది. టీలో వేసే చక్కెర దీనికి అదనం.

టిఫిన్ మాని రెండు బిస్కెట్లతో బడికి వచ్చిన పిల్లలు రెండో పీరియడ్‌కే నీరసపడటం ఉపాధ్యాయులుగా మేము తరచూ చూస్తుంటాం. అదే 50 గ్రాముల పుట్నాలు తింటే సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, పీచు కూడా అందుతాయి. రాగి జావతో కాల్షియం వస్తుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనుక వైపు చదవండి. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరే ముందు రాస్తారు. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్ అన్నా చక్కెర కిందే లెక్క. 100 గ్రాములకు ఇచ్చిన అంకెలనే పోల్చి చూడండి.

పండుగనాడు పిల్లలకు ఒకటి రెండు ఇస్తే తప్పులేదు. అయితే బడుల్లో, శరణాలయాల్లో బిస్కెట్ ప్యాకెట్లు పంచే దాతలకు మా మనవి ఒకటే: వాటి బదులు పల్లీ పట్టీ, గుడ్డు, అరటిపండు ఇవ్వండి. మీరిచ్చింది పిల్లల నోటికి తీపితో పాటు ఒంటికి బలంగా కూడా మిగులుతుంది.