పెరుగు తింటే ప్లాస్టిక్ పోతుందా?

రోజూ పెరుగన్నం తింటే ఒంట్లో చేరిన ప్లాస్టిక్ అంతా బయటికి పోతుందన్న మాట ఈమధ్య ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరుతోంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎంత నిజమో తెలుసుకోకుండా నమ్మడం మాత్రం మంచిది కాదని మేము భావిస్తున్నాము.

అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్ అంటున్నారు. నీటితోను, ఉప్పుతోను, పీల్చే గాలితోను అవి మన లోపలికి చేరుతున్నాయి. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 22 మంది రక్తాన్ని పరీక్షించగా 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్సతో తీసి పరిశీలించారు. 257 మందిలో 150 మందికి ఆ కొవ్వులో పాలిథిలీన్ ఉంది. దాదాపు మూడేళ్ళ వ్యవధిలో గుండెపోటు, పక్షవాతం, మరణం వంటి ముప్పు వారికి మిగిలినవారికన్నా నాలుగున్నర రెట్లు అధికంగా తేలింది. ప్లాస్టిక్కే అందుకు కారణమని ఆ పరిశోధన నిర్ధారించలేదు; అయినా తేలికగా తీసుకోదగిన సంగతి కాదిది.

ఇక పులిసిన పదార్థాల విషయం. పెరుగును తోడుకునేలా చేసేవి, ఇడ్లీ పిండిని, కొరియావారి కిమ్చీని పులియబెట్టేవి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. వీటిలో కొన్ని రకాల ఒంటికి ప్లాస్టిక్ రేణువులు అంటుకుని, వాటితోపాటే మలంలో బయటికి వచ్చేస్తాయి. 2025లో వెలువడిన ఒక పరిశోధనలో 784 రకాల బ్యాక్టీరియాను పరీక్షించి, వాటిలో రెండింటిని ఎలుకలకు ఇచ్చారు. ప్లాస్టిక్ విసర్జన 34 శాతం పెరిగింది. పేగుల్లో మిగిలినది 67 శాతం తగ్గింది.

అయితే అవి ఎలుకలు. పైగా 784లో ఏరిన రెండు రకాలు. మన ఇంటి తోడులో అవే ఉంటాయని ఎలా అనుకోగలం? పేగులో ఉన్నదాన్ని పట్టుకోవడం వేరు, రక్తంలో కలిసినదాన్ని వెనక్కి లాగడం వేరు. పెరుగు తినండి, అది ఎలాగూ మంచిదే. కాని వేడి వేడి షోర్వాను పల్చటి కవర్లో కట్టించుకొచ్చి, పక్కన గిన్నెడు పెరుగు పెట్టుకుంటే లెక్క సరిపోదు!

అన్నిటికన్నా పసివాళ్ళ పాలసీసా గురించే మా ఆందోళన. పాలీప్రొపిలీన్ సీసాలో పాలు కలిపితే లీటరుకు 1.6 కోట్ల వరకు రేణువులు ఊడివస్తాయని 2020లో డబ్లిన్ పరిశోధకులు గుర్తించారు. నీరు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ. డబ్బా పాలు తప్పనిసరైన తల్లులు వాటిని స్టీలు లేదా గాజు పాత్రలో కలిపి, చల్లారాకే సీసాలో పోయాలి. గాజు సీసా అయితే మరీ మేలు.

తాగునీటి సంగతికి వస్తే, కఠినజలం ఈ ఒక్క విషయంలో మనకు సాయపడుతోంది. అయిదు నిమిషాలు మరిగిస్తే అందులోని సున్నం పొరకట్టి, ప్లాస్టిక్ రేణువులను తనలో బంధిస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ శాస్త్రవేత్తల ప్రయోగంలో ఇలా 90 శాతం వరకు తొలగిపోయాయి; సున్నం తక్కువున్న నీటిలో పావువంతు మాత్రమే. మరిగిన నీటిని తేరుకోనిచ్చి, అడుగు కదపకుండా వడకట్టుకోవాలి. అందుకు వాడేది నూలు గుడ్డ కావాలి, పాలిస్టర్ ముక్క కాదు.